ఫాయిల్ పొట్లంలో అరటిపండు

మొన్న జూన్‌లో మా అమ్మాయి స్కౌట్ క్యాంపుకి వెళ్ళే ముందు ఒక కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. రాత్రి మంట దగ్గర ఎవరి వంట వాళ్ళే చేసుకోవాలట. బంగాళాదుంప ఒకటి, క్యారెట్ ఒకటి, ఉల్లిపాయ సగం, మందపాటి అల్యూమినియం ఫాయిల్ రెండు ముక్కలు. పైన పెద్ద అక్షరాలతో "హోబో డిన్నర్" అని ఉంది.

అప్పటికి మా అత్తయ్య అమలాపురం దగ్గరి ఊరి నుంచి వచ్చి రెండు నెలలయింది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం వచ్చు, కూడబలుక్కుని చదువుతారు.

"హోబో అంటే ఏవిటే తల్లీ?" అని మనవరాలిని అడిగారు.

"అది డిన్నర్ పేరు నానమ్మా."

"పేరైతే మాత్రం, దానికో అర్థం ఉండదా?"

అది నా వైపు చూసింది. ఈ ఒహాయోలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను, ఆ మాట వందసార్లు విని ఉంటాను, నాకూ తెలియదు. ఏదో ముద్దు పేరు అనుకున్నాను. ఆ రాత్రి గిన్నెలు సర్దుకుని కూర్చుని వెతకడం మొదలుపెడితే వేసవి అంతా అదే పనయింది. మా ఇంట్లో వాళ్ళు నవ్వుకున్నారు గానీ, నాకు మాత్రం ఆ ఒక్క మాటలోంచి చాలా బయటపడ్డాయి. అవే మీతో చెబుదామని.

హోబో అంటే ఊరూరా పని వెతుక్కుంటూ తిరిగే కూలీ. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి, రైలు పట్టాలు దేశమంతా పాకిన రోజుల్లో పుట్టిన మాట. కోతల కాలంలో ఒక రాష్ట్రానికి, పళ్ళు కోసే కాలంలో మరో రాష్ట్రానికి, టికెట్ లేకుండా గూడ్సు పెట్టెల్లో ఎక్కి వెళ్ళేవారు. ముష్టివాళ్ళం కాదు, పని చేసుకునేవాళ్ళం అని వాళ్ళకి పట్టింపు ఉండేదట. 1929లో షేర్ మార్కెట్ కూలి మహామాంద్యం వచ్చాక ఆ రైలు పెట్టెలు నిండిపోయాయి. 1933 నాటికి అమెరికాలో పని చేసే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఒక అంకె. ఆ రోజుల్లో గూడ్సు రైళ్ళెక్కి తిరిగినవాళ్ళలో రెండున్నర లక్షల మంది పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లలని అంచనా. ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుందని కొందరు తమంతట తామే బయల్దేరారు. కొందరిని ఇంట్లోవాళ్ళే పంపేశారు. మా అమ్మాయికి పదకొండు. ఇంకో రెండేళ్ళయితే ఆ లెక్కలో పడే వయసు.

పట్టాల పక్కన చెట్ల గుంపుల్లో వాళ్ళ మకాం. దాన్ని "జంగిల్" అనేవారు. అక్కడ వండుకునేది ఒకటే వంటకం, మలిగన్ స్ట్యూ. ఒకరి దగ్గర దుంప, ఒకరి దగ్గర ఉల్లిపాయ, ఒకరు కసాయి దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఎముక. అన్నీ ఒకే పెద్ద డబ్బాలో పడేవి. కాఫీ డబ్బానో, నూనె డబ్బానో, ఏది దొరికితే అదే గిన్నె. ఏదో ఒకటి తెచ్చినవాడికి అందులో వాటా ఉంటుంది. ఊళ్ళో ఎవరి ఇంటి కంచె మీదైనా సుద్దముక్కతో పిల్లి బొమ్మ గీసి ఉంటే, ఆ ఇంటావిడ దయగలది, అడిగితే అన్నం పెడుతుంది అని తర్వాత వచ్చేవాడికి గుర్తు అని కూడా చెప్పుకుంటారు.

గమనించారా, ఇందులో ఎక్కడా ఫాయిల్ లేదు. ఉండే వీలే లేదు. ఇంట్లో వాడుకునే అల్యూమినియం ఫాయిల్ చుట్ట అమెరికా కొట్లలోకి వచ్చింది 1947లో. మాంద్యం వచ్చి వెళ్ళి, యుద్ధం కూడా అయిపోయాక. పైగా హోబోలది అందరూ కలిపి ఒక డబ్బాలో వండుకున్న తిండి. మన పిల్లలది ఎవరి పొట్లం వాళ్ళది. మరి ఈ పొట్లానికి ఆ పేరెలా వచ్చిందంటే, గిన్నె లేకుండా మంట మీద వండుకోవడం అంటే జనానికి గుర్తొచ్చింది వాళ్ళే. పాత పేరు తీసుకెళ్ళి కొత్త వంటకి అతికించారు. ఆకలి సంగతి జారిపోయి, పేరు మాత్రం మిగిలింది.

సరే, మరి ఈ ఫాయిల్ ఎక్కడిది? ఇది మా ఒహాయో కథే. అందుకని కాస్త తీరిగ్గా చెబుతాను.

మన ఇళ్ళల్లో అల్యూమినియం గిన్నెల్ని "సిల్వర్ గిన్నెలు" అంటాం కదా. చిన్నప్పుడు మా అమ్మ పాత సిల్వర్ సామాను ఇచ్చి కొత్తది కొంటుంటే, మనం ఇంత గొప్పవాళ్ళమా అనుకునేదాన్ని. ఒకప్పుడు నిజంగానే అది వెండితో సమానమైన లోహం. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం పూర్తయినప్పుడు, దాని కొసన పెట్టడానికి వంద ఔన్సుల అల్యూమినియం ముక్క పోతపోశారు. మన లెక్కలో మూడు కిలోలకి కాస్త తక్కువ. పైన పెట్టే ముందు న్యూయార్క్‌లో నగల దుకాణంలో జనం చూడ్డానికి ఉంచారు. అప్పట్లో దాని ధర వెండి ధరకి సమానం. మట్టిలో కావలసినంత ఉంది, మట్టి నుంచి విడదీయడమే ఎవరికీ చవకగా చేతకాలేదు.

ఆ పని చేసింది ఒహాయోలో ఒబర్లిన్ అనే చిన్న ఊళ్ళో, ఇరవై రెండేళ్ళ చార్లెస్ మార్టిన్ హాల్. ఎక్కడో పెద్ద ప్రయోగశాలలో కాదు, ఇంటి వెనక కట్టెల కొట్టంలో. 1886 ఫిబ్రవరి 23న, కరిగించిన క్రయొలైట్‌లో అల్యూమినా కలిపి, సొంతంగా చేసుకున్న బ్యాటరీలతో కరెంటు పంపితే అడుగున చిన్న చిన్న లోహపు గుళ్ళు తేలాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ అనే మరో కుర్రాడు ఇదే పద్ధతి కనిపెట్టి ఏప్రిల్‌లో పేటెంటుకి పెట్టాడు. ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో. విచిత్రం కదూ.

పేటెంటు తగవులో హాల్‌ది ముందు అని తేలడానికి అతని అక్క జూలియా సాయపడింది. ఆవిడ కూడా ఒబర్లిన్ కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకుంది. తల్లి జబ్బుపడి, 1885లో చనిపోయాక ఇల్లు చూసుకుంటూ, తమ్ముడు కొట్టంలో ఏ రోజు ఏం చేశాడో దగ్గరుండి చూసింది. ఆ వివరాలన్నీ తేదీలతో సహా రాసి పెట్టింది. ఆ ప్రయోగాల్లో ఆవిడ చేతి పని ఎంత అనే దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు, కొట్టంలో ఏం జరిగిందో తేదీతో సహా చెప్పగలిగిన మనిషి ఊరికే తలుపు దగ్గర నిలబడి చూసి ఉంటుందని అనిపించదు. ఒబర్లిన్‌లో ఆ కొట్టం ఎలా ఉండేదో తిరిగి కట్టి చూపిస్తున్నారు. మేం వెళ్ళి చూశాం. మా వాడు, ఎనిమిదేళ్ళవాడు, "అమ్మా, ఇది మన గ్యారేజీ కన్నా చిన్నది" అన్నాడు.

తర్వాత కొన్నేళ్ళలోనే అల్యూమినియం పౌను డాలరు కన్నా తక్కువకి దిగింది. వెండి కాస్తా గిన్నె అయింది. 1910లో స్విట్జర్లాండ్‌లో దాన్ని కాగితంలా పల్చగా సాగదీసే కార్ఖానా వచ్చింది. ఆ మరుసటి ఏడే టోబ్లరోన్ చాక్లెట్‌కి చుట్టారు. అంతకుముందు చుట్టేది తగరం రేకు. అమెరికాలో ముసలివాళ్ళు ఇప్పటికీ అల్యూమినియం ఫాయిల్‌ని "టిన్ ఫాయిల్" అనడం అందుకే. మనం సిల్వర్ అన్నట్టే, వాళ్ళూ పాత పేరు వదల్లేదు.

ఇక యుద్ధం. విమానాలకి కావలసింది అల్యూమినియం. 1940 జూలైలో బ్రిటన్‌లో ఆడవాళ్ళని అడిగారు, మీ వంటింట్లో సిల్వర్ గిన్నెలు ఇవ్వండి, స్పిట్‌ఫైర్ విమానాలు చేస్తాం అని. మరుసటి జూలైలో అమెరికాలోనూ అదే పిలుపు. ఇంకా వాళ్ళు యుద్ధంలోకి దిగనే లేదు. ఊరి కూడళ్ళలో కంచెలు కట్టి, వాటి నిండా బాణళ్ళు, కెటిళ్ళు, కేకు పళ్ళేలు కుప్పపోశారు. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు గుండె చివుక్కుమంది. ఎవరి గిన్నెకి ఎక్కడ సొట్ట పడిందో, ఏ గిన్నెలో పాలు అడుగంటవో ఆ ఇంటావిడకే తెలుస్తుంది. అలాంటివి తీసుకెళ్ళి ఇచ్చారు. తీరా విమానాలకి చాలావరకు కొత్త లోహమే పనికొచ్చింది, పాత గిన్నెల లోహం అంత నాణ్యమైంది కాదు.

1939 నుంచి 1943 లోపల అమెరికాలో అల్యూమినియం ఉత్పత్తి అయిదు రెట్లకు పైగా పెరిగింది. యుద్ధం ఆగిపోగానే ఆ లోహం అంతా ఏం చేయాలి? సిగరెట్ పెట్టెలకి రేకులు చుట్టే వ్యాపారంతో మొదలైన రేనాల్డ్స్ కంపెనీ, యుద్ధంలో ప్రభుత్వం కట్టిన కార్ఖానాలు కొన్ని తీసుకుంది. 1947లో రేనాల్డ్స్ రాప్ అనే చుట్టని వంటింటికి అమ్మడం మొదలుపెట్టింది. ఇచ్చిన గిన్నెలు వెనక్కి రాలేదు గానీ, బాంబర్లకి పోయిన లోహం ఒకసారి వాడి పారేసే కాగితంలా తిరిగొచ్చింది. గిన్నె తోమక్కర్లేదు అన్నదే దాని ఆకర్షణ. నిజం చెప్పొద్దూ, నాకూ అదే.

1950ల్లో అది పిల్లల క్యాంపుల్లోకి పాకింది. అయితే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అడవిలో మంట వేసి వండుకోవడం అంతకన్నా పాతది. 1910లో క్యాంప్ ఫైర్ గర్ల్స్ అని ఒక సంఘం మొదలైంది. అందులో ఆడపిల్లల మెట్లకి పేర్లు కట్టెలు ఏరేది, నిప్పు చేసేది, దివిటీ మోసేది. 1912లో సవానా అనే ఊళ్ళో జూలియట్ గార్డన్ లో పద్దెనిమిది మంది అమ్మాయిలతో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టింది. అమ్మాయిల్ని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళి మళ్ళీ వంటే నేర్పించారా అని నాకు మొదట నవ్వొచ్చింది. కానీ ఇంటి పొయ్యి వేరు, తను కట్టెలు ఏరి, తను నిప్పు రాజేసి, తన ఆకలికి తను వండుకునే పొయ్యి వేరు. పదకొండేళ్ళ పిల్లకి ఆ తేడా నాకన్నా బాగా తెలుసు.

1927లో గర్ల్ స్కౌట్స్ వేసిన ఒక పుస్తకంలోనే "సమ్ మోర్స్" వంటకం అచ్చయింది. ఇప్పుడు అందరూ "స్మోర్స్" అంటున్నదే. ఎనిమిది మందికి పదహారు గ్రాహమ్ బిస్కెట్లు, ఎనిమిది చాక్లెట్ బార్లు, పదహారు మార్ష్‌మాలోలు. ఇందులో ఒక తమాషా ఉంది. గ్రాహమ్ బిస్కెట్ పేరు సిల్వెస్టర్ గ్రాహమ్ అనే మతబోధకుడిది. 1830ల్లో తెల్ల పిండి వద్దు, మాంసం వద్దు, మసాలా వద్దు, ముతక గోధుమపిండి తినండి అని ఊరూరా ఉపన్యాసాలిచ్చినాయన. ఆయన పేరు పెట్టుకున్న బిస్కెట్ మధ్య ఇప్పుడు చాక్లెట్టూ పంచదార ఉండలూ.

ఆ పంచదార ఉండల దగ్గరే మా ఇంట్లో పేచీ. మార్ష్‌మాలోలో ఉండేది జెలటిన్, పంది చర్మంతోనో పశువుల ఎముకలతోనో చేస్తారు. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు తెలియదు. అత్తయ్యకి కిందటిసారి వచ్చినప్పుడు నేనే ఒకటి పెట్టాను. తర్వాత తెలిసి నాలుగు రోజులు చెప్పలేక, అయిదో రోజు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. వెళ్ళి తలస్నానం చేసి వచ్చారు. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

అందుకని ఆగస్టులో మేం ఇంటిల్లిపాదీ హాకింగ్ హిల్స్‌కి క్యాంపింగ్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడ వస్తానంటారని అనుకోలేదు. అక్కడి పొయ్యి మీద ఉండే ఇనప చట్రం మీద ఎవరెవరు ఏమేం కాల్చుకుని వెళ్ళారో. అత్తయ్యకి అది తాకిన తిండి సహించదు. మా ఇంట్లో తిండి మూడు రకాలు. ఆయనా పిల్లలూ చికెన్ తింటారు, నేను గుడ్డు వరకు, అత్తయ్య ఉల్లిపాయ కూడా ఏకాదశికి ముట్టరు. పద్నాలుగేళ్ళుగా మూడు బాణళ్ళు తోముతున్నాను.

"ఫాయిల్ చుడితే ఏదీ దేన్నీ తాకదు నానమ్మా" అని మా అమ్మాయి ఒప్పించింది. ఆ సాయంత్రం అదే మాకు టీచరు. చట్రం కూడా వద్దు, నేరుగా నిప్పుల మీదే అంది.

పద్ధతి చెబుతాను, మీ పిల్లలతో చేసుకోండి. మంట ఉండగా పెట్టకూడదు. కట్టెలు కాలి, ఎర్రటి నిప్పుల మీద బూడిద పొర కట్టే దాకా, ముప్పావు గంటైనా ఆగాలి. ఈ ఆగడమే పిల్లలకి కష్టం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, భగభగ మండే నిప్పుల్లో పల్చటి ఫాయిల్ చిల్లులు పడిపోతుంది. మందపాటి రకం కొనండి, లేదా రెండు పొరలు వేయండి. మెరిసే వైపు లోపలికా బయటికా అని తగువు పడకండి, రెండూ ఒకటే. కార్ఖానాలో ఆఖరిసారి సాగదీసేటప్పుడు రెండు రేకులు కలిపి రోలర్లలోకి పంపుతారు. రోలరుకి తగిలిన వైపు మెరుస్తుంది, ఒకదానికొకటి తగిలిన వైపు మసగ్గా ఉంటుంది, అంతే.

దుంపల్ని చిప్స్‌కి తరిగినంత పల్చగా కాకపోయినా, అర సెంటీమీటరు మించకుండా తరగాలి. క్యారెట్ ఇంకా పల్చగా. వెన్న, ఉప్పు, కారం పట్టించి రేకు మధ్యలో పెట్టి, రెండు అంచులూ పైకి తెచ్చి కలిపి రెండుసార్లు కిందికి మడిచి, చివర్లు మూసేయాలి. దీన్ని ఇక్కడ మందుల షాపు మడత అంటారు. పూర్వం పొడి మందులు అలా కట్టి ఇచ్చేవారట. అత్తయ్య చూసి, "మన ఆచారిగారు చూర్ణం పొట్లం ఇలాగే కట్టేవాడు" అన్నారు. లోపల ఆవిరికి కాస్త చోటు వదలాలి. నిప్పుల మీద పావుగంట, తిప్పి ఇంకో పావుగంట. చికెన్ ఉన్న పొట్లం ఇంకాస్త ఎక్కువ, తెరిచి మధ్య ముక్క కోసి చూడాలి. ఎవరిది ఏదో తెలియడానికి మా అమ్మాయి మడత చివర్ని మెలితిప్పి చెవులు పెట్టింది. తనకి ఒక చెవి, తమ్ముడికి రెండు, నానమ్మకి తోక.

అత్తయ్య లోపల నిమ్మకాయ పిండబోతే అది ఆపింది. పులుపు రేకుని తినేస్తుందట, తెరిచాక పిండుకోవాలట. "సిల్వర్ గిన్నెలో పులుసు కాచకూడదని మా అత్తగారు చెబితే మాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది" అని ఆవిడ నవ్వారు. ఫాయిల్ చూసి ఆవిడేమీ వింతపడలేదు. పనసాకులు నాలుగు ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు వాళ్ళ ఊరి వంట. మారేడుమిల్లి వైపు వెళ్తే వెదురు బొంగులో చికెన్ పెట్టి మూతికి ఆకులు కుక్కి కాలుస్తారు. మెక్సికోలో మొక్కజొన్న పొత్తి రేకుల్లో పిండి చుట్టి చేసే తమాలేలు యూరప్ వాళ్ళు రాక ముందు నుంచీ ఉన్నవి. చుట్టేది దొరికితే చాలు, గిన్నె లేని వంట ప్రతి ఊళ్ళోనూ ఉంది.

పొట్లాలు నిప్పుల మీద పెట్టాక చేసేదేమీ లేదు. నేను కూర్చున్నాను. ఇలా రాస్తే చిన్న సంగతిలా ఉంటుంది. అందరి భోజనం ఒకేసారి ఉడుకుతుంటే, అందులో నాది కూడా ఉండగా, నేను కుర్చీలో కూర్చోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

తర్వాత తీపి. "బనానా బోట్" అని ఇక్కడి క్యాంపుల్లో పిల్లలకి ప్రాణం. అరటిపండు తొక్క తీయకుండా నిలువుగా చీల్చి, లోపల చాక్లెట్ ముక్కలు, మార్ష్‌మాలోలు కూరి, ఫాయిల్ చుట్టి అయిదారు నిమిషాలు నిప్పుల మీద ఉంచడమే. పిల్లలు అవి చేసుకుంటుంటే మా ఆయన అన్నారు, "చిన్నప్పుడు అమ్మ ఇలాగే అరటికాయలు నిప్పుల్లో కాల్చి పెట్టింది. భలే ఉండేవి. ఎన్నిసార్లు అడిగినా మళ్ళీ చేయలేదు."

ఆ మాట నేనూ పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను. అత్తయ్య చేయని అరటికాయ వంట లేదు. వేపుడు, ఆవ పెట్టిన కూర, బజ్జీ. కాల్చినది మాత్రం ఎప్పుడూ చేయలేదు. గ్యాస్ పొయ్యి మీద కుదరదేమో అనుకునేదాన్ని.

అత్తయ్య నిప్పుల వైపే చూస్తూ, "అది తొంభయ్యారు తుఫాను రా" అన్నారు.

1996 నవంబర్ 6 రాత్రి గోదావరి జిల్లాల మీద పడిన తుఫాను. వెయ్యి మందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. ఆ సంగతి నేను పేపర్లో చదివినదే. అత్తయ్య ఎప్పుడూ చెప్పలేదు.

"పెంకులన్నీ ఎగిరిపోయాయి. బియ్యం బస్తా నీళ్ళల్లో నానిపోయింది. పప్పులు, పిండి, ఏదీ మిగల్లేదు. దొడ్లో అరటి చెట్లు మొత్తం పడున్నాయి, గెలలు ఇంకా ముదరనే లేదు. మీ నాన్న పొరుగూరు వెళ్ళి చిక్కుకుపోయారు. మీ అక్కా నువ్వూ ఆకలి ఆకలి అని ఒకటే గొడవ. కట్టెలన్నీ తడే. అటక మీద ఒక మూల కొబ్బరి డొక్కలు తడవకుండా ఉన్నాయి. వాటితో నిప్పు చేసి, ఆ పిందె కాయలు తొక్కతోనే కుమ్ములో పెట్టాను. ఉప్పు కూడా కరిగిపోయింది. మూడు రోజులు అవే. నువ్వు బావుందమ్మా, ఇంకోటి పెట్టు అన్నావు. నేను పిక్నిక్కి వచ్చాం అని చెప్పాను మీకు. నువ్వు నమ్మేశావు. అది నమ్మలేదు, దానికి పన్నెండేళ్ళు."

మా ఆయన ఏమీ మాట్లాడలేదు. చేతిలో పుల్లతో నిప్పులు కెలుకుతూ ఉండిపోయారు. ముప్పై ఏళ్ళ నుంచీ ఆయన పిక్నిక్ అనే గుర్తు పెట్టుకున్నారు.

మా అమ్మాయే మాట్లాడింది. "అయితే నానమ్మా, మీరు హోబోలా?"

నేను గతుక్కుమన్నాను. వేసవంతా అన్నం తినేటప్పుడు దానికి ఆ కథలన్నీ చెప్పింది నేనే మరి. అత్తయ్య మాత్రం కాసేపు ఆలోచించారు. "మేం ఎక్కడికీ పోలేదే. ఇంటి మీద కప్పు పోయింది గానీ ఇల్లు పోలేదు. రైలెక్కిన పిల్లలకి అదీ లేదు కదా" అన్నారు.

తర్వాత ఆవిడే లేచి, సంచీలోంచి బెల్లం తీశారు. ప్రయాణంలో బెల్లం లేకుండా ఆవిడ ఎక్కడికీ కదలరు. అరటిపండు చీల్చి, లోపల బెల్లం తురుము, ఎండుకొబ్బరి, ఒక ఏలక్కాయ గింజలు వేసి నా చేతికిచ్చారు. "చుట్టు, ఎలా చుట్టాలో నీకు తెలుసుగా."

చెవీ తోకా ఏమీ పెట్టలేదు. ఆరు నిమిషాలకి తీశాం. బెల్లం కరిగి పాకంలా అయి, పండు మెత్తబడి, తొక్కే గిన్నెలా ఉంది. చెంచాతో తవ్వుకుని తినడమే. చాక్లెట్ వాళ్ళవి పక్కన పడేసి పిల్లలిద్దరూ నానమ్మ దాంట్లో చేతులు పెట్టారు. మా ఆయన తనకో పచ్చి అరటికాయ ఉంటే బావుండు అన్నారు. "ఇంటికెళ్ళాక చూద్దాం లే" అన్నారు అత్తయ్య. పెద్ద మాటే అది.

నిప్పులు ఆర్పి, ఫాయిల్ ముక్కలన్నీ ఏరాం. అది కాలదు, మట్టిలో కలవదు, మంట గుంటలో వదిలేస్తే అలాగే ఉంటుంది. మా అమ్మాయి లెక్కపెట్టింది, పద్నాలుగు ముక్కలు. ఒక్కో ముక్క తొమ్మిది గ్రాములు ఉంటుందేమో. టన్ను అల్యూమినియానికి దాదాపు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి, పద్నాలుగు వేల యూనిట్ల కరెంటు కావాలి. కరిగించి మళ్ళీ చేస్తే అందులో ఇరవయ్యో వంతు కరెంటు చాలు. అరకు వెళ్ళి గాలికొండ దగ్గర ఫొటోలు దిగుతాం కదా, ఆ కొండల్లో ఉన్నది ఆ బాక్సైటే. గిరిజనుల భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది ఆ ఏజెన్సీ నుంచి వెళ్ళిన తగవులోనే. ఇదంతా తెలిశాక ఫాయిల్ మానేశానని చెప్పను. కడిగి, ఉండ చేసి, రీసైక్లింగ్ డబ్బాలో వేస్తున్నాను. వెన్న అంటుకున్నది వేస్తే తీసుకోరు, కడగాలి. అంటే చివరికి తోమడం తప్పలేదన్నమాట.

సెప్టెంబర్‌లో అత్తయ్య తిరుగు ప్రయాణం. వెళ్ళే ముందు ఆదివారం పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టించుకుని అరటికాయలు కాల్చారు. ఉప్పు, కాస్త నెయ్యి, పచ్చిమిరపకాయ నూరి పక్కన పెట్టారు. ఆయన రెండు తిన్నారు. "అప్పుడు ఇంత బావున్నట్టు లేదమ్మా" అన్నారు. "అప్పుడు ఉప్పు లేదు" అన్నారావిడ.

వచ్చే నెల ట్రూపులో మళ్ళీ ఫాయిల్ వంట ఉంది. ఈసారి తల్లుల్లో నా వంతు. బెల్లం అరటిపండు చేయిస్తానని పేరిచ్చాను. మీరు చేసేటట్టయితే బెల్లం ఇంట్లోనే తురిమి డబ్బాలో పట్టుకెళ్ళండి. అచ్చు పట్టుకెళ్తే అక్కడ చీకట్లో కొట్టడానికి రాయి వెతుక్కోవాల్సి వస్తుంది.